పాత నగ కొనేముందు అంగడిని పరీక్షించండి

శ్రోతలకు నమస్కారం. ముహూర్తాలు దగ్గరపడితే తిరుపతి గాంధీ రోడ్డులోనూ, చిత్తూరు బజారు వీధిలోనూ నగల అంగళ్ళు కిటకిటలాడతాయి. ఈమధ్య అక్కడ చాలామంది యాంటిక్ నగలు అడుగుతున్నారు. కాసులపేరు, మామిడిపిందెల హారం, వంకీ, నాగరం... అవ్వల కాలం నాటి పనితనం కావాలంటున్నారు. అడిగేవాళ్ళు పెరిగితే అమ్మేవాళ్ళూ పెరుగుతారు కదా. వాళ్ళలో ఎవరిని నమ్మొచ్చో ఎలా తేల్చుకోవాలి?

అంగట్లో కూర్చోగానే అడగాల్సిన మాట ఒకటుంది. "ఇది నిజంగా పాతదా, పాతగా కనిపించేలా చేసిందా?" షోరూముల్లో యాంటిక్ అని చూపించేది చాలావరకు కొత్త నగే. మెరుపు తగ్గించి, నక్షి చెక్కడాల సందుల్లో నలుపు పట్టిస్తారు. ఆ సంగతి చెప్పి అమ్మితే తప్పేం లేదు. చెప్పకుండా "జమీందార్ల ఇంటి సొమ్మమ్మా, నూరేళ్ళు దాటింది" అన్నారంటే వెంటనే లైసెన్సు అడగండి. నూరేళ్ళు దాటిన కళావస్తువుల వ్యాపారానికి 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. అలాంటి వస్తువును సొంతంగా విదేశాలకు తీసుకెళ్ళడమూ కుదరదు. అమెరికాలో ఉన్న కూతురికి పంపాలనుకునేవాళ్ళు ఇది ముందే తెలుసుకోవాలి. లైసెన్సు మాట ఎత్తగానే నగ వయసు నూరు నుంచి అరవైకి దిగిందంటే, ఆ అంగడి సంగతి మీకు తెలిసిపోయినట్టే.

పని తెలిసిన వ్యాపారి నగలోని లోపాలు తనే చెబుతాడు. "గొలుసు పాతది, పతకం తర్వాత చేర్చింది, నాలుగు కెంపులు మార్చాం" అంటాడు. పాత నగ అన్నాక మరమ్మతు లేకుండా ఉండటం అరుదు. అంతా అసలుదే అని ఒట్టు పెట్టేవాడి దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

ఇక తూకం. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. నక్షి నగలు చాలావరకు లోపల బోలుగా ఉంటాయి. పల్చటి బంగారు రేకు సొట్టపోకుండా లోపల లక్క నింపుతారు. ఒక హారం కాటా మీద అరవై గ్రాములు తూగిందనుకోండి. అందులో రాళ్ళు యాభై అయిదు క్యారెట్లు. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు కాబట్టి రాళ్ళ బరువు పదకొండు గ్రాములు. లక్క తొమ్మిది గ్రాములు. మిగిలిన బంగారం నలభై గ్రాములు, అంటే అయిదు సవర్లు. మొత్తం తూకానికి బంగారం ధర కడితే రెండున్నర సవర్ల డబ్బు రాళ్ళకూ లక్కకూ పోసినట్టు. కాబట్టి మొత్తం తూకం, రాళ్ళ తూకం, లక్క తూకం, నికర బంగారం, ఈ నాలుగూ విడివిడిగా రాసివ్వమనండి. పాత నగలో లక్క ఎంతుందో కరిగించకుండా కచ్చితంగా తేలదు. "ఇది అంచనా" అని చెప్పి, తీసేసిన బరువు రసీదులో చూపించేవాడు నయం. వేడిచేసి లక్క తీయించవచ్చు గానీ, అడుగున రేకు పెట్టి మూసిన రాళ్ళు ఆ వేడికి పాడవుతాయి.

స్వచ్ఛత విషయంలోనూ ఒక చిక్కుంది. ఇక్కడ క్యారెట్ అంటే రాళ్ళ బరువు కాదు, బంగారం స్వచ్ఛత. పాత నగ ఒంటి భాగం ఇరవై రెండు క్యారెట్లున్నా, మాటు, అంటే అతుకు వేసిన చోట బంగారం తక్కువ రకంది. మరమ్మతు జరిగిన కొద్దీ మాట్లు పెరుగుతాయి. మొత్తం కరిగిస్తే ఇరవై క్యారెట్లకు దిగొచ్చు. నలభై గ్రాముల్లో అసలు బంగారం ఇరవై రెండు క్యారెట్లకు, అంటే వెయ్యికి 916 లెక్కన 36.6 గ్రాములుంటే, ఇరవై క్యారెట్లకు, అంటే 833 లెక్కన 33.3 గ్రాములే. అంగట్లో ఉండే ఎక్స్‌రే మిషను పైపొరనే చూస్తుంది. మందంగా పూత వేసిన నగ దాని కళ్ళు కప్పగలదు. అందుకే వెనక రేకు, కొక్కెం, మాటు, మూడు చోట్లా పరీక్ష చేయించండి. వెనకవైపు కనపడని చోట గీటురాయి మీద గీసి, ఆసిడ్ చుక్క వేయడానికి ఒప్పుకోని అంగడి మనకెందుకు?

పదింతలు చూపించే భూతద్దం ఒకటి వెంట పెట్టుకెళ్ళండి. నగను తిప్పి వెనకవైపు చూడండి. ఏళ్ళ తరబడి వేసుకున్న పతకం వెనక భాగం ఒంటికి రాసుకుని నున్నగా ఉంటుంది, గొలుసు లింకులు ఒకదానితో ఒకటి ఒరుసుకునే చోట సన్నబడతాయి. ముందు నలుపెక్కి, వెనక అంచులు పదునుగా ఉన్నాయంటే ఆ నలుపు పట్టించిందే. కమ్మల మరలు చూడండి. చేత్తో కోసిన పాత మర వరసలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. మరలు మార్చినా ఫర్వాలేదు, మార్చామని చెప్పాలి. కాడ్మియంతో మాటు వేశారని తెలిపే ‘కేడీఎం’ ముద్ర ఉన్న నగను నూరేళ్ళదంటే నవ్వి ఊరుకోండి. ఆ ముద్ర ఇటీవలి కాలంది.

పాత నగలో రాళ్ళన్నీ అసలువే అనుకోవడం పెద్ద పొరపాటు. మంటలో కెంపు తయారుచేసే పద్ధతిని ఫ్రాన్సులో వెర్నోయ్ అనే రసాయన శాస్త్రవేత్త 1902లోనే ప్రకటించాడు. ఆ తర్వాతి నగల్లో తయారీ కెంపులు దండిగా ఉంటాయి. భూతద్దంలో వంపు గీతలు, గుండ్రటి బుడగలు కనిపిస్తే అది తయారీ రాయి. గాజు రాయికైతే అంచులు అరిగి మొద్దుబారతాయి. ముత్యాల్లో సహజమైనవేవో పెంచినవేవో ఎక్స్‌రేతోనే తేలుతుంది. రాళ్ళకే లక్షలు కట్టేటట్టయితే ల్యాబు సర్టిఫికెట్ లేకుండా కొనకండి.

ఇక హాల్‌మార్కు, అంటే బంగారం స్వచ్ఛతకు వేసే ముద్ర సంగతి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగ మీద అంకెలు, అక్షరాలు కలిసిన ఆరింటి హెచ్‌యూఐడీ సంఖ్య తప్పనిసరి. దాన్ని ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ రకం, స్వచ్ఛత వస్తాయి. యాప్‌లో ఉంగరం అని వచ్చి చేతిలో హారం ఉందంటే లేచి వచ్చేయండి. కుందన్, పోల్కీ, జడావు అనే రాళ్ళు పొదిగే రకం నగలకు హాల్‌మార్కు నిర్బంధం లేదు. ఈ మినహాయింపు చూపించి మామూలు నగల్ని కూడా ముద్ర లేకుండా అంటగట్టేవాళ్ళుంటారు.

ఇంటికొచ్చి, లేదా బస్టాండు దగ్గర చాటుగా పిలిచి, "పునాది తవ్వితే దొరికింది", "గుడి నగ" అని చూపించేవాళ్ళను దగ్గరికే రానివ్వకండి. మచ్చుకి ఇచ్చే పూస అసలుది, తర్వాత చేతిలో పెట్టే మూట ఇత్తడి. ఒకవేళ నిజంగా భూమిలో దొరికిందే అయినా, పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. దాన్ని కొన్నవారూ కేసులో ఇరుక్కుంటారు.

డబ్బు కట్టేముందు ఇంకొక్కటి అడగండి. "ఇదే నగ వచ్చే నెల మీకే తెస్తే ఎంతకు తీసుకుంటారు?" తరుగు, మజూరీ పోను ఎంతిస్తారో రసీదు మీదే రాయించండి. నగ వయసు, మార్చిన భాగాలు, రాళ్ళ రకం కూడా ఆ రసీదులోనే ఉండాలి. రెండు లక్షలు, ఆపైన అయితే నగదు వద్దు, చట్టం ఒప్పుకోదు. బ్యాంకు ద్వారా కడితే రుజువూ ఉంటుంది. తేడా వస్తే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయండి. అక్కడ తెగకపోతే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. కొన్నది చెన్నైలో అయినా సరే, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. నగకు మీరు కట్టింది అయిదు లక్షల వరకు అయితే ఫీజు లేదు.