కొండెక్కేటప్పుడు దొరికిపోయే ప్లగ్గు

శ్రోతలకు నమస్కారం.

అలిపిరి దాటి రెండో ఘాట్ రోడ్డు ఎక్కే పెట్రోలు కార్లలో కొన్ని, మలుపు తిరిగి యాక్సిలరేటర్ తొక్కగానే వణికినట్టు కుదుపుతాయి. అంతవరకు ఊళ్లో చక్కగా నడిచిన బండే. నడిపేవాయన గేరు తగ్గిస్తాడు, ఏసీ ఆపేస్తాడు, పొద్దున పెట్రోలు పట్టించిన బంకును తిట్టుకుంటాడు. షెడ్డులో దీన్ని 'మిస్సింగ్' అంటారు. కారణాలు నాలుగైదు ఉండొచ్చు గానీ, మంచి మెకానిక్కు మొదట అడిగే మాట ఒకటే: "ప్లగ్గులు ఎప్పుడు మార్చినారు సార్?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే కారు ఓనర్లు చాలా తక్కువ.

స్పార్క్ ప్లగ్ చేసే పని చిన్నదిగా కనపడుతుంది. సిలిండరులోకి వచ్చిన గాలిని, పెట్రోలును పిస్టన్ నొక్కిపెట్టాక, ప్లగ్గు కొసన ఉన్న రెండు లోహపు మొనల మధ్య నిప్పురవ్వ పుట్టాలి. ఆ మొనల మధ్య సందు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను ఇగ్నిషన్ కాయిల్ వేల వోల్టులకు పెంచితేనే రవ్వ ఆ సందును దాటుతుంది. దాటిన ప్రతిసారీ మొనల నుంచి కంటికి ఆననంత లోహం అరిగిపోతుంది. తిరుపతి నుంచి చిత్తూరుకు 70 కిలోమీటర్లు. ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతూ గంటన్నరలో చేరుకుంటే, ఒక్కో ప్లగ్గు దారిలో 90 వేల సార్లు రవ్వ పుట్టించి ఉంటుంది. మరి ఏళ్ల తరబడి తిరిగితే మొనలు గుండ్రబడతాయి, సందు వెడల్పవుతుంది. ఒడ్లు కోసుకుపోయిన కాలువను దూకాలంటే ఇంకొంచెం వెనక్కిపోయి పరుగెత్తుకు రావాలి కదా, అట్లాగే రవ్వకు ఇంకాస్త ఎక్కువ వోల్టేజీ కావాలి.

సమతలంలో కాయిల్ ఆ వోల్టేజీని ఎట్లాగో ఇచ్చేస్తుంది. కొండెక్కేటప్పుడు మనం యాక్సిలరేటర్ బాగా తొక్కుతాం, సిలిండరులోకి గాలి ఎక్కువ పోతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన గాలిలో రవ్వ దూకడం మరింత కష్టం. అందుకే తిరుపతి ఊళ్లో గాంధీ రోడ్డులో తప్పించుకున్న ప్లగ్గు ఘాట్ రోడ్డులో దొరికిపోతుంది. పలమనేరు నుంచి వచ్చేవాళ్లకు మొగిలి ఘాట్ దగ్గర, పీలేరు వైపు పోయేవాళ్లకు భాకరాపేట ఘాట్ దగ్గర ఇదే పరీక్ష.

ఇక ఎప్పుడు మార్చాలి? మామూలు నికెల్ ప్లగ్గులకు చాలా కార్లలో 30 నుంచి 40 వేల కిలోమీటర్లు. ప్లాటినం, ఇరీడియం మొనలున్నవి 80 వేలు, లక్ష దాకా వస్తాయి. మీ బండి అంకె మీ బండితో వచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. డ్యాష్‌బోర్డు అరలో ఆర్సీ జిరాక్సు కింద పడి ఉంటుంది, తీసి చూడండి. కొత్త బండి కొన్నరోజు అలిపిరిలోనో కాణిపాకంలోనో నిమ్మకాయలు తొక్కించడం ఎవరూ మరచిపోరు, ఆ పుస్తకం తెరిచేవాళ్లే కరువు.

సీఎన్‌జీ మీద నడిచే కార్లకు ఈ లెక్క కొంచెం ముందుకు జరుగుతుంది. ఆ గ్యాసును అంటించడానికి వోల్టేజీ ఎక్కువ కావాలి, ప్లగ్గు తొందరగా అరుగుతుంది. బైరాగిపట్టెడ నుంచి రైతుబజారుకు, అక్కడి నుంచి ఇంటికి, అంతే తిరిగే కార్లది వేరే సమస్య. ప్లగ్గు కొస సుమారు 450, 500 డిగ్రీల వేడికి చేరితేనే దాని మీద పట్టిన మసి కాలిపోతుంది. పది నిమిషాల ప్రయాణంలో ఆ వేడి నిలవదు, మసి పేరుకుంటుంది. ఏడాదికి 4 వేల కిలోమీటర్లు కూడా తిరగని బండిని, కిలోమీటర్లు రాలేదని వదిలేయకుండా సర్వీసుకు ఇచ్చినప్పుడు ప్లగ్గులు ఊడదీయించి చూడాలి.

డబ్బు సంగతి చెప్పుకుందాం, మనసు అక్కడే ఉంటుంది కాబట్టి. నికెల్ ప్లగ్గు ఒకటి సుమారు 150 రూపాయలు, ఇరీడియం 700 అనుకుందాం. బ్రాండును బట్టి, బండిని బట్టి అటూ ఇటూ అవుతుంది. ఒక్కో సిలిండరుకు ఒక ప్లగ్గు. కాబట్టి మూడు సిలిండర్ల చిన్న కారుకు మూడు, నాలుగు సిలిండర్లదానికి నాలుగు. అప్పట్లో వచ్చిన హోండా సిటీ ఐ-డీఎస్ఐకి మాత్రం సిలిండరుకు రెండు చొప్పున ఎనిమిది. ఆ బండి ఇంకా నడుపుతున్నవాళ్లు ఉంటే వాళ్ల ఓపికకు దండం. నాలుగు ప్లగ్గుల కారుకు కూలి 300 వేసుకుంటే నికెల్‌కు 900, ఇరీడియానికి 3,100. "ఇరీడియం వేసేదా సార్, మామూలువి వేసేదా?" అని అడిగితే ఈ రెండంకెల మధ్య తేడా చూసి చాలామంది వెనకాడతారు. కిలోమీటర్లతో భాగించి చూడండి. 900ను 30 వేలతో భాగిస్తే 3 పైసలు. 3,100ను 90 వేలతో భాగిస్తే 3 పైసల పైచిలుకు. రెండూ ఒకటే! పుస్తకంలో ఏది రాస్తే అది వేయించుకోవడమే. పికప్ పెరుగుతుందని చెప్పి ఖరీదైనది అంటగట్టేవాళ్ల మాట నమ్మక్కరలేదు. అరిగినవాటి స్థానంలో కొత్తవి ఏవి పెట్టినా బండి హుషారుగానే లాగుతుంది.

పెట్రోలు లీటరు 110, మైలేజీ 15 అనుకుంటే కిలోమీటరుకు 7 రూపాయలు దాటుతోంది. అరిగిన ప్లగ్గు వల్ల నూటికి రెండు పాళ్లు మైలేజీ తగ్గినా కిలోమీటరుకు 14 పైసలు పోతున్నట్టు. మిస్సింగ్ వచ్చాక కూడా నడిపితే కాలని పెట్రోలు పొగగొట్టంలోకి పోయి, అక్కడ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను విపరీతంగా వేడెక్కించి పాడుచేస్తుంది. దాని ఖర్చు వేలల్లో కాదు, పదుల వేలల్లో. డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ దీపం ఆగి ఆగి వెలుగుతుంటే బండి పక్కకు తీసి ఆపేయండి.

అట్లాగని 20 వేలు తిరిగిన ఇరీడియం ప్లగ్గులు తీసేసి కొత్తవి వేస్తామంటే ఒప్పుకోకండి. డీజిల్ కారు బిల్లులో స్పార్క్ ప్లగ్ అని కనపడితే అస్సలు డబ్బు కట్టకండి. డీజిల్ ఇంజన్‌లో రవ్వతో పని లేదు, నొక్కిన గాలి వేడికే అది అంటుకుంటుంది. దాంట్లో ఉండేది గ్లో ప్లగ్, చల్లగా ఉన్న ఇంజన్ స్టార్టు కావడానికి లోపల వేడి పుట్టించేది. అది వేరే సరుకు.

పాత ప్లగ్గులు మీ చేతికివ్వమని అడగండి. కొస లేత గోధుమరంగులోనో బూడిదరంగులోనో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. తడిగా, నూనెగా ఉంటే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. తెల్లగా పొక్కులు లేస్తే లోపల వేడి మితిమీరింది. నాలుగింట్లో ఒక్కటే నల్లగా ఉంటే ఆ సిలిండరు మీద అనుమానపడాలి.

రేణిగుంట రోడ్డు మీద నుంచి నేరుగా షెడ్డులోకి పోయి, పొగలు కక్కుతున్న ఇంజన్‌కు ప్లగ్గులు ఊడదీయించకండి. ప్లగ్గులు బిగించి ఉండే అల్యూమినియం హెడ్డు వేడి మీద ఉంటే, దాని లోపలి మరలు ప్లగ్గుతోపాటే ఊడి వచ్చేయొచ్చు. చల్లారేదాకా టీ తాగండి. కొత్త ప్లగ్గును మొదట చేత్తో తిప్పి కూర్చోబెట్టి, తర్వాతే పానాతో బిగించాలి, అదీ కండబలం చూపించకుండా. ఇరీడియం మొనను ఉప్పుకాగితంతో రుద్దనివ్వకండి, అది వెంట్రుకలా సన్నగా ఉంటుంది.

పని మొత్తం చాలా కార్లకు గంటలోపే. అయినా రేపు ప్రయాణమనగా ఈరోజు మార్పించవద్దు. కాయిల్ క్లిప్పు సరిగ్గా కూర్చోకపోతే నాలుగు రోజులు ఊళ్లో తిరిగితేనే బయటపడుతుంది. వారం ముందు మార్పించి, ఓడోమీటరు అంకెను ఒక చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించమనండి. నమస్కారం.