బ్యాంకు మెయిలే దొంగ మెయిల్‌లా ఉంటే

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఆదివారం పూట కూడా బెంగళూరు ట్రాఫిక్‌ను దాటుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పింది చాలా ఎక్కువ. నేరుగా విషయంలోకి వస్తాను.

మోసపు మెయిళ్లను, దొంగ లింకులను పట్టుకునే ఫిల్టర్లు ఎలా తయారవుతాయో చెప్పమన్నారు. నా రోజూవారీ పని అదే. ఈ-మెయిల్ పంపడానికి 1982లో రాసుకున్న ఎస్‌ఎంటీపీ నిబంధనల్లో పంపినవారు ఎవరో నిరూపించమని అడిగే ఏర్పాటే లేదు. కవరు వెనక ఎవరి పేరు రాసినా పోస్టు డబ్బా ఒప్పుకున్నట్టే. తరవాత ఎస్‌పీఎఫ్ వచ్చింది. ఒక డొమైన్ పేరుతో, అంటే మెయిల్ చిరునామాలో @ తరవాత వచ్చే పేరుతో, ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో అది చెబుతుంది. డీకిమ్ అనేది ఆ డొమైన్ తన మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం. ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో డొమైన్ యజమానే ముందుగా ప్రకటించే పద్ధతి డీమార్క్.

ఇవన్నీ ఉన్నా, దొంగ తానే ఒక డొమైన్ కొనుక్కుని మూడింటినీ సక్రమంగా అమర్చుకోవచ్చు. అందుకే మేము లింకుల్లోకి దిగుతాం. పైకి కనిపించే చిరునామా, నొక్కితే వెళ్లే చిరునామా ఒకటేనా? డొమైన్ నిన్ననో మొన్ననో నమోదైందా? ఇంగ్లిష్ ‘ఎ’ స్థానంలో అచ్చం అలాగే ఉండే రష్యన్ అక్షరం ఉందా? డొమైన్‌ను ఎప్పుడూ కుడివైపు చివర నుంచి చదవాలి. ముందు బ్యాంకు పేరు ఎంత ముద్దుగా రాసి ఉన్నా, చివర, డాట్ కామ్ లాంటి తోకకు ఆనుకుని ముందున్న పేరుదే ఆ సైటు.

ఫిల్టర్ల గురించి ఇంకా చాలా రాసుకుని వచ్చాను. కానీ ఈ సభలో పిల్లల దగ్గర ఉండడానికి ఊళ్ల నుంచి వచ్చిన పెద్దవారిని చూస్తున్నాను. వేరే విషయం చెప్పకుండా ఉండలేను.

మేము చూసే ఒక కార్యాలయంలో ఫిల్టర్ ఒక మెయిల్‌ను ఆపింది. పంపినవారి పేరు ఒక పెద్ద బ్యాంకుది, చిరునామా ఏదో ప్రచార సంస్థది. ‘మీ కేవైసీ గడువు నేటితో ముగుస్తుంది, వెంటనే ఇక్కడ నొక్కండి’ అని ఎర్ర అక్షరాలు. లింకు కుదించినది, ఎక్కడికి వెళ్తుందో చూసి చెప్పలేం. మోసపు మెయిల్‌కు ఉండే లక్షణాలన్నీ ఉన్నాయి. అయినా దాన్ని పంపింది నిజంగా ఆ బ్యాంకే! వాళ్లు ఫోను చేసి, మినహాయింపు జాబితాలో పెట్టమన్నారు. మీ సొంత డొమైన్ నుంచి పంపవచ్చు కదండీ అంటే, ‘అది మార్కెటింగ్ విభాగం చూసుకుంటుంది’ అన్నారు. ఆ ప్రచార సంస్థ సర్వర్లను డబ్బు కట్టిన ఎవరైనా వాడుకోవచ్చు. నేను మినహాయించలేదు.

కొంతకాలానికి అవే రంగులు, అవే వాక్యాలతో దొంగ మెయిల్ వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. తేడా లింకులోనే ఉంది. మా అపార్ట్‌మెంటులోని ఒక రిటైర్డ్ మాస్టారికి, ఆయన సొంత మెయిల్‌కు, అదే వచ్చింది. నొక్కారు. పింఛను సొమ్ము పోయింది. ‘ఇంత చదువుకుని ఆ మాత్రం చూసుకోవద్దా’ అని ఇంట్లోవాళ్లు ఆయన్నే నిలదీశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎర్ర అక్షరాలు కనబడగానే నొక్కమని ఆయనకు ఇన్నాళ్లూ నేర్పింది ఎవరు? ఆ బ్యాంకు కాదా?

బ్యాంకులు తమకు మాత్రమే ఇచ్చే డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డొమైన్ కిందికి మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. మంచి పని. కానీ వెబ్‌సైటు మారి, మెయిళ్లలో మాత్రం కుదించిన లింకులే కొనసాగితే ఏం లాభం? ఈ హాల్లో బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేసేవారు ఉన్నారు. దయచేసి రేపు ఆఫీసుకు వెళ్లగానే మీ సంస్థ కస్టమర్లకు పంపే మెయిల్‌ను ఒకటి తెరిచి చూడండి. అందులోని లింకును మీ అమ్మగారు నమ్మవచ్చా? నమ్మలేకపోతే మార్కెటింగ్ విభాగంతో పోట్లాడండి.

పెద్దవారికి ఒక్క మాట. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. ఇంట్లో తిడతారేమోనని ఆలస్యం చేయకండి. అనుమానం ఉన్న మెయిల్‌ను ఎవరికైనా చూపించాలంటే స్క్రీన్‌షాట్ తీయకుండా, ఆ మెయిల్‌నే ఫైలుగా జతచేసి పంపండి. అది ఏ సర్వర్ నుంచి బయలుదేరిందో చెప్పే హెడర్లు అందులోనే ఉంటాయి.