120 ఎపిసోడ్ల పరుగు రెండు గంటల్లో ఎలా పట్టింది? | ది ఫ్యూజిటివ్

హాయ్ అండి. ఈరోజు 1993లో వచ్చిన 'ది ఫ్యూజిటివ్' గురించి మాట్లాడుకుందాం. మీరు నాగార్జున గారి 'క్రిమినల్' చూసుంటే ఈ కథ సగం తెలిసినట్టే. భార్యని చంపాడని ఒక డాక్టర్ మీద నింద పడుతుంది, అతను పోలీసుల నుంచి తప్పించుకుని అసలు హంతకుడి కోసం వెతుకుతాడు. ఆ ఐడియా ఈ సినిమాదే, ఈ సినిమాకేమో మూలం ఒక పాత టీవీ సీరియల్.

అమెరికాలో ఏబీసీ ఛానెల్లో 1963 నుంచి 1967 దాకా 120 ఎపిసోడ్లు వచ్చింది. అందులో డాక్టర్ కింబుల్‌కి వారానికో కొత్త ఊరు, కొత్త పేరు, దొరికిన కూలి పని. అక్కడ ఎవరో ఒకరు కష్టంలో ఉంటారు, దాక్కోవాల్సినవాడు వాళ్ల కోసం బయటపడతాడు, ఈలోపు అతన్ని వెంటాడే పోలీసు లెఫ్టినెంట్ జెరార్డ్ వచ్చేస్తాడు, మళ్లీ పరుగు.

దీన్ని రెండు గంటల పది నిమిషాల్లో చెప్పాలంటే ఏం చేస్తారు? డైరెక్టర్ ఆండ్రూ డేవిస్ టీమ్ ఆ పరుగుని వెనక్కి తిప్పేసింది. హారిసన్ ఫోర్డ్ ఊళ్లు పట్టి తిరగడు, తనని అందరూ గుర్తుపట్టే షికాగోకే తిరిగొస్తాడు. అసలు హంతకుడు ఒక ఒంటిచేతి మనిషి. సీరియల్లో వాడు ఇంట్లో దూరిన దొంగ, ఇక్కడ మాత్రం వాడి వెనక ఒక మందుల కంపెనీ ఉంది. వాళ్ల కొత్త మందు కాలేయాన్ని దెబ్బతీస్తోందని కింబుల్ కనిపెట్టాడు, గొడవంతా అక్కడ మొదలైంది. అంటే హీరో గెలవాల్సింది కండబలంతో కాదు, డాక్టర్‌గా తనకి తెలిసినదాంతో.

కింబుల్ తప్పించుకునే ట్రైన్ సీన్ గురించి చెప్పకపోతే ఎలా? నార్త్ కరోలినాలోని డిల్స్‌బరో దగ్గర నిజం రైలుతో నిజం బస్సుని గుద్దించారు. రెండో టేక్‌కి ఛాన్సే లేదు, ఆ బరువు మనకి తెరమీద తెలుస్తుంది. ఆ శిథిలాలు షూటింగ్ అయ్యాక కూడా అక్కడే ఉండిపోయాయి.

కానీ నాకు ప్రాణం ఇంకో సీన్. ఒంటిచేతి మనిషి వివరాల కోసం కింబుల్ కుక్ కౌంటీ హాస్పిటల్లో క్లీనర్ వేషంలో తిరుగుతుంటాడు. ఎమర్జెన్సీలో గాయపడ్డ పిల్లాడు, ఆ పిల్లాడిని వేరే గదికి తీసుకెళ్లమని ఇతనికే చెప్తారు. ఎక్స్‌రే చూస్తాడు, వాళ్లు రాసింది తప్పని అర్థమవుతుంది, ఆ కాగితం మార్చేసి పిల్లాడిని నేరుగా ఆపరేషన్‌కి పంపేస్తాడు. దాంతో దొరికిపోయేంత పని అవుతుంది. చూడండి, ఆ 120 ఎపిసోడ్ల మనసంతా ఈ కొన్ని నిమిషాల్లోనే ఉంది! పాత సీరియల్ని సినిమా తీసేవాళ్లు పేరు, టైటిల్ మ్యూజిక్ తీసుకుంటే చాలనుకుంటారు, అసలు తీసుకోవాల్సింది ఇది.

జెరార్డ్‌ని మారుస్తున్నది కూడా ఇదే. డ్యామ్ సొరంగంలో కింబుల్ "నా భార్యని నేను చంపలేదు" అంటే జెరార్డ్‌గా చేసిన టామీ లీ జోన్స్ "నాకనవసరం" అనేస్తాడు. ఆ పాత్రకి ఆయనకి ఆస్కార్ వచ్చింది. అతని పని పట్టుకోవడం, అంతే. కానీ ఆ పిల్లాడు బతికాడని హాస్పిటల్లో డాక్టరమ్మ చెప్పినప్పుడు ఒక్క క్షణం అతని మొహం చూడండి. అక్కణ్ణుంచి చివర్లో కారులో కూర్చుని కింబుల్ చేతికున్న బేడీలు తనే విప్పేదాకా, ఆ మార్పుకి పెద్ద డైలాగ్ ఒక్కటి కూడా లేదు.