హత్య కోసం పందుల సీజన్ ఆరా తీసిన రచయిత

అందరికీ నమస్తే, నల్గొండ నుంచి మాట్లాడుతున్నా. వెనక మోటారు చప్పుడు వస్తుంటే కొంచెం సర్దుకోండి, పక్కింటోళ్లు ట్యాంకుకు నీళ్లు ఎక్కిస్తున్నారు.

ఈరోజు పుస్తకం ఉంబెర్తో ఎకో రాసిన ‘ద నేమ్ ఆఫ్ ద రోజ్’. ఇటాలియన్‌లో 1980లో వచ్చింది, నేను చదివింది విలియం వీవర్ చేసిన ఇంగ్లిష్ అనువాదం. 1327 నవంబరు, ఇటలీలో కొండ మీద ఒక క్రైస్తవ మఠం. ఏడు రోజుల్లో సన్యాసులు ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోతుంటే, విలియం అనే ఆయన కుర్ర శిష్యుణ్ని వెంటేసుకుని ఎవరు చేస్తున్నారో వెతుకుతాడు. హంతకుడెవరో చెప్పను, భయపడకండి.

నిజం చెప్పాలంటే, ఈ నవల ఎలా రాశాడో చెబుతూ ఎకోనే తర్వాత రాసిన చిన్న పుస్తకం నాకు ఇంకా నచ్చింది. అందులో ఒక పంది కథ ఉంది. ఒక శవం పంది రక్తం నింపిన పెద్ద కాగులో తలకిందులుగా దొరకాలి, ఎందుకంటే చావులు బైబిల్ ప్రకటన గ్రంథంలో దేవదూతలు ఒక్కోటి ఊదితే ఒక్కో విపత్తు వచ్చే బాకాల వరసలో జరుగుతున్నట్టు కనిపించాలి, రెండో బాకాకు సముద్రంలో మూడోవంతు రక్తమవుతుంది కదా. అంత రక్తం కావాలంటే పందుల్ని కోయాలి. ఎప్పుడు కోస్తారని ఈయన ఆరా తీశాడు. బాగా చలి పడ్డాకేనట. పోనీ కథను డిసెంబరుకు జరుపుదామంటే, అందులో వచ్చే మైకేల్ ఆఫ్ చెసేనా అనే నిజమైన మతపెద్ద అప్పటికే ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో ఉన్నాడని చరిత్ర చెబుతోంది. నెల మార్చలేడు, బైబిల్ మార్చలేడు. అందుకని మఠాన్నే కొండెక్కించాడు! అక్కడైతే నవంబరుకే మంచు పడుతుంది, పందుల్ని కోసేయొచ్చు.

ఇక్కడ పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నా. మొదటి రోజే విలియం మంచులో గిట్టల గుర్తులు చూసి, తప్పిపోయిన గుర్రం ఎటు పోయిందో చెప్పేస్తాడు, ఆ మంచు కూడా పంది పుణ్యమే.

మన దగ్గర ఎలా ఉంటుందంటే, ఆమధ్య ఒక నవల చదివా, పేరు ఎందుకులెండి, హీరో భువనగిరి గుట్ట మీదికి పరిగెత్తుకుంటూ ఎక్కి, ఆయాసం లేకుండా పేజీన్నర డైలాగు కొడతాడు. ఆ బండ ఎక్కినోళ్లకు తెలుసు, సగం దూరానికే మంచినీళ్ల సీసా ఖాళీ అవుతుంది. రాసినాయన ఎప్పుడూ ఎక్కలేదని నా నమ్మకం. బత్తాయి తోటలో శవం దొరకాలన్నా, కాయ ఎప్పుడు కోస్తారో తోటాయన్ని ఒక మాట అడగాలి కదా.

ఎకో అయితే మఠం ప్లాను గీసుకున్నాడు, మెలికల మెట్లు ఎన్నో కూడా లెక్కేసుకున్నాడు. ఇద్దరు నడుస్తూ మాట్లాడుకుంటే, ఆ దూరం అయిపోయేసరికి మాటలూ అయిపోయేలా రాశాడు.

ఇక డిటెక్టివ్ కథనూ చరిత్రనూ కలపడం సంగతి. విలియం పూర్తి పేరు విలియం ఆఫ్ బాస్కర్‌విల్, అంటే ‘ద హౌండ్ ఆఫ్ ద బాస్కర్‌విల్స్’ నవలలోని షెర్లాక్ హోమ్స్‌కు దండం పెట్టినట్టే. దాని పక్కనే పేదరికం గురించి మతవాదాలు, పాత రాతప్రతులు, దారి తప్పించే లైబ్రరీ. మామూలుగా ఇలా కలిపితే సస్పెన్స్ కాసేపు, పాఠం కాసేపు నడుస్తుంది, మనం పాఠం వచ్చినప్పుడల్లా పేజీలు తిప్పేస్తాం. ఇందులో మాత్రం క్లూ ఆ పాఠంలోనే దాచాడు. నవ్వడం తప్పా కాదా అని సన్యాసులు వాదించుకుంటారు చూడండి, అది సోది అనుకుని దాటేస్తే చివర్లో మీరే వెనక్కి వెళ్లి వెతుక్కుంటారు, నేను వెతుక్కున్నా.

మొదటి వంద పేజీలు మాత్రం కష్టం. తగ్గించమని స్నేహితులు, సంపాదకులు చెప్పినా ఆయన వినలేదు, అది కొండెక్కడం లాంటిదే, ఓపిక లేనోళ్లు కిందే ఆగిపోతారన్నాడు. నాకైతే అందులో కొంత పొగరు కనబడింది. లాటిన్ ముక్కలకు అర్థం ఇస్తే ఏం పోయేది?

చదివాక నేనూ ఆ నడక లెక్క చేసి చూద్దామని పానగల్ ఛాయా సోమేశ్వరాలయానికి పోయా. ఒక డైలాగు చిన్నగా చదువుకుంటూ మండపంలో నడిస్తే, సగంలోనే గోడ వచ్చేసింది. అక్కడి గర్భగుడి గోడ మీద స్తంభం నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలదు, తెలుసు కదా. అది ఒక్క స్తంభం నీడ కాదు, ముందున్న స్తంభాల పక్కల నుంచి చెదిరి వచ్చే వెలుతురుతో ఏర్పడేది. నాకు ఆ సంగతి ముందే తెలుసు, అయినా వెనక్కి తిరిగి ఒక్కో స్తంభాన్నీ చూసుకుంటూ నిలబడ్డా, నా పక్కనే ఒక పెద్దామె అదే నీడకు దండం పెట్టుకుంటోంది. ఇద్దరం ఒకరికొకరు అడ్డం రాకుండా జరుగుతూ, పూజారిగారు తలుపు వేస్తానని చెప్పేదాకా అక్కడే ఉన్నాం.