రాతి మీంచి వచ్చిన చిన్న లోకాలు

అందరికీ నమస్కారం. తెర మీద కనిపిస్తున్న ఈ బొమ్మ రష్యాలో పుట్టిన చిత్రకారుడు కాండిన్‌స్కీది. 1922లో జర్మనీలోని వైమార్‌లో, బౌహౌస్ కళాశాల ప్రెస్సులో అచ్చయిన ‘చిన్న లోకాలు’ సంపుటిలోది. అందులో మొత్తం 12 బొమ్మలు. కొన్ని చెక్క అచ్చులు, కొన్ని లోహపు రేకు మీద సూదితో గీసినవి, మిగిలినవి లితోగ్రాఫులు, అంటే రాతి అచ్చులు. ఈ బొమ్మ ఆ రాతి అచ్చుల్లోదే. న్యూయార్క్‌లోని మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఈ సంపుటి ఉంది.

‘ఇదేం బొమ్మండీ?’ అని ఇందాక ఒకమ్మాయి అడిగింది. వృత్తాలు, గళ్ళు, వాలుగీతలు. చెట్టూ లేదు, మనిషీ లేడు. నన్నడిగితే ముందు రాయి దగ్గరికి పోదాం. మార్కాపురం వాళ్ళకు రాయి గురించి నేను చెప్పాలా!

మన పలకరాయి పొరలుగా చీలుతుంది. చీమకుర్తి గ్రానైట్ పాలిష్ పెడితే నిగనిగలాడుతుంది. లితోకి ఈ రెండూ పనికిరావు. దానికి పేరుపడ్డది జర్మనీలో బవేరియా ప్రాంతపు సోల్న్‌హోఫెన్ సున్నపురాయి. చాలా సన్నరకం, నీళ్ళనూ పట్టుకుంటుంది, జిడ్డునూ పట్టుకుంటుంది. ఆ గుణం ఆధారంగానే 1790ల చివర్లో సెనెఫెల్డర్ అనే జర్మన్ ఈ అచ్చు కనిపెట్టాడు. జిడ్డు క్రేయాన్‌తో రాతి మీద గీస్తారు. తుమ్మబంకలో కాస్త యాసిడ్ కలిపి పూస్తారు. తర్వాత రాయి తడిపి సిరా రోలర్ దొర్లిస్తే, గీసినచోట సిరా అంటుకుంటుంది, తడి ఉన్నచోట అంటదు. ఉలితో పనే లేదు. అందుకే చెయ్యి ఎక్కడ గట్టిగా నొక్కిందో, ఎక్కడ తేలిపోయిందో అంతా కాగితం మీదికి దిగుతుంది.

మామూలుగా ఒక్కో రంగుకు ఒక్కో రాయి. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ పుడుతుంది. ఆ ఆకుపచ్చకు విడిగా రాయి అక్కర్లేదు. కాండిన్‌స్కీ మనసంతా ఇలాంటివాటి మీదే ఉందని నా గట్టి నమ్మకం. చెట్టు వేసి ఉంటే మనం చెట్టును చూసి ముందుకు పోయేవాళ్ళం, రంగును చూసేవాళ్ళం కాదు.

ఇది మనకు మరీ పరాయి పనేం కాదు. 1894లో రవివర్మ బొంబాయి దగ్గర పెట్టిన ప్రెస్సు ఇలాంటి రాళ్ళతోనే లక్ష్మినీ సరస్వతినీ ఇంటింటికీ చేర్చింది. 1922 డిసెంబరులో కలకత్తాలో జరిగిన బౌహౌస్ ప్రదర్శనకు కాండిన్‌స్కీ చిత్రాలు కూడా వచ్చాయి.

అచ్చు కదా, నకలే కదా అనుకోకండి. పని అయ్యాక రాయిని ఇసుకా నీళ్ళూ పోసి అరగదీసి ఇంకో బొమ్మకు వాడుకోవచ్చు. అప్పుడు రాతి మీద బొమ్మ మిగలదు, ఆ కాగితమే అసలు.

ఇప్పుడు ఇద్దరు ముగ్గురు తెర దగ్గరికి రండి. రంగు మీద రంగు ఎక్కిన చోట్లు వేలితో చూపించండి. ఎన్ని రాళ్ళు పట్టి ఉంటాయో కలిసి లెక్క కడదాం.