సీసం అంచులో దాగిన పీడనం

(స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: వ్యాఖ్యాత, ఒక ప్రయోగ శాస్త్రవేత్త, ఒక సిద్ధాంత శాస్త్రవేత్త)

వ్యాఖ్యాత: నమస్కారం. ప్రోటాన్లకంటే న్యూట్రాన్లు మిగులుగా ఉన్న పరమాణు కేంద్రకాలు ఈనాటి మన విషయం. మేడమ్, మామూలు కేంద్రకాలు ఎన్నో ఉండగా వీటి వెంటే ఎందుకు పడుతున్నారు?

ప్రయోగ శాస్త్రవేత్త: మామూలు కేంద్రకాలు చెప్పవలసింది చాలావరకు చెప్పేశాయి. పెద్ద కేంద్రకం ఏదైనా లోపలి సాంద్రత దాదాపు ఒకటే, ఘన ఫెమ్టోమీటరుకు సుమారు 0.16 కణాలు (ఫెమ్టోమీటరు అంటే మీటరులో వెయ్యి లక్షల కోట్లో వంతు; కణాలంటే ప్రోటాన్లూ న్యూట్రాన్లూ). ప్రోటాన్లూ న్యూట్రాన్లూ సమానంగా ఉన్న పదార్థంలో ఒక్కో కణానికి సుమారు 16 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (కేంద్రకాల శక్తిని కొలిచే ప్రమాణం) బంధన శక్తి, అంటే కణాలను విడదీయడానికి పెట్టవలసిన శక్తి. ఆ సమానత్వం చెడితే ఎంత శక్తి ఖర్చవుతుంది, సాంద్రతతో పాటు ఆ ఖర్చు ఎంత వేగంగా పెరుగుతుంది? మాకు కావలసింది అది.

సిద్ధాంత శాస్త్రవేత్త: ఆ ఖర్చును సౌష్ఠవ శక్తి అంటాం. కేంద్రక సాంద్రత దగ్గర దాని విలువ 30 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల పైచిలుకు. దీని మీద పెద్దగా పేచీ లేదు. తగవంతా దాని వాలు గురించే, అంటే సాంద్రతతో పాటు అది ఎంత వేగంగా పెరుగుతుందన్న దాని గురించే.

వ్యాఖ్యాత: ఆ వాలు కేంద్రకంలో ఎక్కడ కనిపిస్తుంది సార్?

సిద్ధాంత శాస్త్రవేత్త: సీసం-208 తీసుకోండి. 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు. మిగిలిన 44 న్యూట్రాన్లు ఎక్కడ ఉండాలి? సాంద్రత నిండుగా ఉన్న నడిమధ్య ఉంటే సౌష్ఠవ శక్తి రూపంలో ఖర్చు. అంచుకు జరిగితే ఆ ఖర్చు తగ్గుతుంది కానీ తలతన్యత, అంటే ఉపరితలాన్ని చిన్నదిగా ఉంచాలని చూసే బిగువు, అడ్డుపడుతుంది. వాలు నిటారుగా ఉంటే అంచుదే గెలుపు. ప్రోటాన్ల పరిధి దాటి న్యూట్రాన్ల పొర మందంగా ఏర్పడుతుంది. కేవలం న్యూట్రాన్లే ఉన్న పదార్థం అదే సాంద్రత దగ్గర బయటికి ఎంత పీడనంతో తోస్తుందో చెప్పేదీ ఆ వాలే. న్యూట్రాన్ నక్షత్రం, అంటే దాదాపు న్యూట్రాన్లతోనే నిండిన మహా సాంద్రమైన నక్షత్ర శేషం, ఎంత పెద్దగా ఉంటుందన్నది చాలావరకు ఆ పీడనం చేతిలో ఉంది. సీసం కేంద్రకం వ్యాసార్ధం అయిదున్నర ఫెమ్టోమీటర్లు, నక్షత్రానిది సుమారు 12 కిలోమీటర్లు. రెండింటికీ ఒకే పదార్థ ధర్మం వర్తించడం ఎన్నిసార్లు తలచుకున్నా నాకు అద్భుతమే.

వ్యాఖ్యాత: మరి ఆ మందాన్ని కొలవడం ఎలా?

ప్రయోగ శాస్త్రవేత్త: చాలా కష్టపడాలి. ప్రోటాన్లకు విద్యుదావేశం ఉంది కాబట్టి ఎలక్ట్రాన్లను విసిరి వాటి ఉనికిని పట్టుకోవచ్చు. న్యూట్రాన్లకు ఆవేశం లేదు. అయితే ప్రకృతిలోని మౌలిక బలాల్లో ఒకటైన బలహీన బలం తీరు వేరు. ప్రోటాన్ దానికి దాదాపు కనిపించదు, న్యూట్రాన్ బాగా కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ల స్పిన్ (వాటి సహజ భ్రమణ గుణం) దిశను మార్చి మార్చి సీసం మీదికి పంపితే, చెదిరే ఎలక్ట్రాన్ల సంఖ్యలో రెండు దిశల మధ్య కోటికి అయిదున్నర వంతుల తేడా వస్తుంది. అంత సన్నని తేడాను వర్జీనియాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో కొలిచారు. ఆ తేడా నుంచి పొర మందాన్ని లెక్కగట్టారు. 2021లో వెలువడిన ఫలితం 0.283 ఫెమ్టోమీటర్లు, అటూ ఇటూ 0.071.

సిద్ధాంత శాస్త్రవేత్త: చాలా సిద్ధాంత నమూనాలు ఊహించినదానికంటే ఇది మందం. దీన్ని యథాతథంగా తీసుకుంటే నక్షత్రాలు పెద్దవిగా ఉండాలి. కానీ 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రాలు కలిసిపోయినప్పుడు వచ్చిన గురుత్వ తరంగాలు, అవి ఒకదాని లాగుడుకు మరొకటి అంతగా సాగలేదని చూపాయి. అంటే అవి చిన్నగా, బిగువుగా ఉన్నాయి.

వ్యాఖ్యాత: మరి ఇది వైరుధ్యమే కదా?

ప్రయోగ శాస్త్రవేత్త: అప్పుడే అలా అనకూడదు, 0.071 చిన్న అనిశ్చితి కాదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కాల్షియం-48. 2022లో అదే ప్రయోగశాలలో, అదే పద్ధతిలో చూస్తే దాని పొర 0.121 ఫెమ్టోమీటర్లే. సీసంలో మందం, కాల్షియంలో పలచన.

సిద్ధాంత శాస్త్రవేత్త: రెండు కొలతల కేంద్ర విలువలకూ ఒకేసారి చక్కగా సరిపోయే నమూనా దొరకడం కష్టంగా ఉంది. సీసం అసలు మందం ఇంకా తక్కువే ఉంటుందని నా అంచనా.

ప్రయోగ శాస్త్రవేత్త: క్షమించండి సార్, నమూనాకు ఇమడలేదని కొలతను తగ్గించి చూడటం నాకు నచ్చదు. నమూనాలోనే ఏదో లోపించి ఉండవచ్చు. ఆక్సిజన్-28 సంగతి గుర్తు చేసుకోండి. 8 ప్రోటాన్లు, 20 న్యూట్రాన్లు. రెండూ మాంత్రిక సంఖ్యలే, అంటే కేంద్రకంలోని కక్ష్యలు పూర్తిగా నిండే సంఖ్యలే కాబట్టి గట్టి కేంద్రకం కావలసింది. 2023లో జపాన్‌లోని రికెన్‌లో చూస్తే, అది పుట్టిన వెంటనే నాలుగు న్యూట్రాన్లను వదిలేసి ఆక్సిజన్-24గా మారింది. నిండిన కక్ష్యల లెక్క అక్కడ పనిచేయలేదు.

సిద్ధాంత శాస్త్రవేత్త: అది నిజం. ఆక్సిజన్ 24 దగ్గరే ఎందుకు ఆగిపోతుందో వివరించాలంటే, మూడు కణాలు కలిసినప్పుడు మాత్రమే పుట్టే బలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. న్యూట్రాన్ పదార్థపు పీడనాన్ని పెంచేదీ ఆ బలమే. అందుకే తేలిక కేంద్రకాల ప్రయోగాలను నేను నక్షత్రాలకు సంబంధం లేనివిగా చూడను.

వ్యాఖ్యాత: సీసం విషయం తేలేది ఎప్పుడు?

ప్రయోగ శాస్త్రవేత్త: జర్మనీలోని మైన్జ్‌లో కొత్త యాక్సిలరేటర్ మీద ఇదే కొలతను ఇంకా కచ్చితంగా చేయాలని ప్రణాళిక ఉంది. అనిశ్చితి సగానికి తగ్గినా చాలు, ఇప్పుడున్న నమూనాలలో చాలా పక్కకు తప్పుకోవలసి వస్తుంది.

సిద్ధాంత శాస్త్రవేత్త: అక్కడ కూడా 0.28 దగ్గరే వస్తే మాత్రం నేను నా అంచనాను వదులుకుంటాను. అప్పుడు కాల్షియం ఎందుకు పలచగా ఉందో మొదటి నుంచీ ఆలోచించాలి.