జీతం లేని ఇంటర్న్‌షిప్‌కి ఎవరు వెళ్లగలరు?

నమస్కారం. ఈరోజు ఒక ఖర్చు గురించి మాట్లాడుకుందాం. యూనివర్సిటీలో చదువుకుంటున్న అమ్మాయో అబ్బాయో వేరే దేశం వెళ్లి, అక్కడ తాగునీటి మీదో, పిల్లల ఆరోగ్యం మీదో, శరణార్థుల కోసమో పనిచేసే సంస్థలో రెండు మూడు నెలలు ఇంటర్న్‌గా చేస్తే, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

నా మాట ముందే చెప్పేస్తాను. విద్యార్థి పెట్టుకోకూడదు. ప్రభుత్వమో, యూనివర్సిటీయో, పని చేయించుకునే సంస్థో పెట్టాలి. అది కూడా విమానం ఎక్కకముందే చేతికి అందాలి. ఎందుకంత గట్టిగా అంటున్నానో చెబుతాను, వినండి.

2015 ఆగస్టులో జెనీవాలో జరిగిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. న్యూజిలాండ్‌కి చెందిన 22 ఏళ్ల కుర్రాడు ఐక్యరాజ్యసమితిలో ఇంటర్న్‌గా చేరాడు. జీతం లేదు, స్టైపెండ్ లేదు. జెనీవా చూస్తే ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన నగరాల్లో ఒకటి. అతను సరస్సు దగ్గర చిన్న టెంట్ వేసుకుని అందులో ఉంటూ, అక్కడి నుంచే ఆఫీసుకి వెళ్లొచ్చాడు. ఈ సమస్య మీద నలుగురి దృష్టీ పడాలన్న ఉద్దేశం కూడా తనకుందని తర్వాత అతనే చెప్పాడు. వార్త ప్రపంచమంతా పాకింది. అతను ఇంటర్న్‌షిప్‌కి రాజీనామా చేశాడు.

ఆ టెంట్ ఫొటో చూసి చాలామంది అయ్యో అన్నారు. నాకు మాత్రం టెంట్‌లో ఉన్న అతనికంటే జెనీవా దాకా రానేలేని వాళ్లే ఎక్కువ గుర్తొస్తారు. ఆఫర్ లెటర్ వచ్చాక ఇంట్లో కూర్చుని లెక్క వేసుకుని, కుదరదని మర్యాదగా ఒక ఈమెయిల్ రాసేసి ఊరుకున్నవాళ్లు. వాళ్ల ఫొటో ఏ పత్రికలోనూ రాదు కదా.

ఇప్పటికీ ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌షిప్‌కి జీతం లేదు. రెండు నుంచి ఆరు నెలల పని. ప్రయాణం, వీసా, ఇన్సూరెన్స్, అద్దె, తిండి అన్నీ ఇంటర్నే చూసుకోవాలి. పని చేసే ప్రతి మనిషికీ న్యాయమైన ప్రతిఫలం పొందే హక్కుందని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 23వ అధికరణలో రాసి ఉంది. దాన్ని ఆమోదించింది ఈ ఐక్యరాజ్యసమితే. ఇంటర్న్‌లకు జీతం లేదన్న నిబంధన మార్చాల్సింది సభ్య దేశాలు. అంటే మార్చమని అడగాల్సింది ఆ దేశాల పౌరులు, అంటే మనం.

దీనివల్ల అసలు నష్టం ఎక్కడ జరుగుతుందో చూడండి. పేదరికం, ఆరోగ్యం, నీరు లాంటి వాటి మీద పనిచేసే అభివృద్ధి రంగంలో తొలి మెట్టు ఉద్యోగానికి కూడా సాధారణంగా ఫీల్డ్ అనుభవం అడుగుతారు. ఆ అనుభవం ఇంటర్న్‌షిప్‌తో మొదలవుతుంది. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లాలంటే ఇంట్లో డబ్బుండాలి. చివరికి పేదరికం మీద కార్యక్రమాలు రాసే బల్లల దగ్గర పేదరికం ఎలా ఉంటుందో ఇంట్లో చూసినవాళ్లు తగ్గిపోతారు. ఉచితంగా పని చేయగలగడం ప్రతిభ కాదు, అది కుటుంబం స్థోమత. మనం మాత్రం దాన్ని ప్రతిభ కింద లెక్కేసి రెజ్యూమెలో మార్కులు వేస్తున్నాం.

కొన్ని సంస్థలు మారాయి. ఐఎల్ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, తన ఇంటర్న్‌లకు ఎప్పటినుంచో స్టైపెండ్ ఇస్తోంది. వేరే చోట నుంచి సాయం అందని ఇంటర్న్‌లకు యూఎన్‌డీపీ, అంటే ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, కూడా ఇస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ విషయం ఇంకాస్త చెప్పుకోవాలి. 2018 మేలో సభ్య దేశాలు ఒక తీర్మానం చేశాయి. 2020 కల్లా ఇంటర్న్‌లకు ఆర్థిక సాయం మొదలవ్వాలి, 2022 కల్లా చేర్చుకునే ఇంటర్న్‌లలో కనీసం సగం మంది అల్ప, మధ్య ఆదాయ దేశాల నుంచి రావాలి అని. ఆ రెండూ ఒకే తీర్మానంలో ఉండటం నాకు చాలా నచ్చింది. డబ్బు ఇవ్వకుండా అందరూ రండి అంటే ఎవరూ రాలేరని అక్కడ కూర్చున్నవాళ్లకి అర్థమైందన్నమాట. యూరప్‌లో కూడా 2017లో యూరోపియన్ యూనియన్ (ఈయూ) సంస్థల మీద ఫిర్యాదులు విచారించే యూరోపియన్ అంబుడ్స్‌మన్ ఎమిలీ ఓరైలీ, విదేశాల్లోని ఈయూ దౌత్య కార్యాలయాల్లో ట్రైనీలతో జీతం లేకుండా పని చేయించుకోవడం తప్పని తేల్చి చెప్పారు.

సరే, సంస్థ ఇవ్వనప్పుడు బయటి నుంచి వచ్చే డబ్బు సంగతేంటి? దారులున్నాయి. జర్మనీలో విద్యార్థులను విదేశాలకు పంపే డీఏఏడీ అనే సంస్థ నడిపే కార్లో ష్మిడ్ ప్రోగ్రాం, అంతర్జాతీయ సంస్థల్లో ఇంటర్న్‌షిప్ చేసేవాళ్లకు నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తుంది. అమెరికాలో 2000లో చట్టం చేసి పెట్టిన గిల్మన్ స్కాలర్‌షిప్ ఉంది. తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ అందుకుంటున్నవాళ్లు విదేశంలో చదవడానికో, ఇంటర్న్‌షిప్‌కో వెళ్తే 5,000 డాలర్ల దాకా ఇస్తారు. యూరప్‌లో విద్యార్థులు వేరే దేశాలకు వెళ్లడానికి ఈయూ నడిపే ఎరాస్మస్ ప్లస్ కింద రెండు నుంచి పన్నెండు నెలల ట్రైనీషిప్‌లకు గ్రాంటు ఉంది. వెనుకబడిన నేపథ్యం నుంచి వచ్చేవాళ్లకు దాని మీద నెలకు 250 యూరోలు అదనం. బ్రిటన్ ఎరాస్మస్ నుంచి బయటికొచ్చాక 2021లో దాని బదులు ట్యూరింగ్ స్కీమ్ మొదలుపెట్టింది, తొలి ఏడాది 11 కోట్ల పౌండ్లతో.

ట్యూరింగ్ దగ్గర కాస్త ఆగుదాం. పేద విద్యార్థులకు ఎక్కువ ఇవ్వాలన్న ఉద్దేశం మంచిదే. కానీ మొదటి ఏడాది పనితీరు మీద చేసిన సమీక్షలో బయటపడిందేంటంటే, నిధుల మంజూరు ఆలస్యమై, ముందు ఖర్చులు పెట్టుకోవాల్సి రావడం చాలామందికి ఇబ్బంది అయింది. ఇది చిన్న లోపం కాదండీ, మొత్తం విషయమే ఇక్కడుంది.

బయల్దేరేముందు విద్యార్థి కట్టాల్సినవి ఒక్కసారి వరసగా అనుకోండి. పాస్‌పోర్టు, వీసా ఫీజు, వీసా ఇంటర్వ్యూకి వేరే నగరానికి వెళ్లిరావడం, టీకాలు, మలేరియా మాత్రలు, ఇన్సూరెన్స్, టికెట్టు, అక్కడ గది అడ్వాన్సు, మొదటి నెల అద్దె. ఇవన్నీ మొదటి రోజు ఆఫీసులో అడుగుపెట్టకముందే అయిపోతాయి. "బిల్లులు దాచుకోండి, తిరిగొచ్చాక ఇస్తాం" అని యూనివర్సిటీ అంటే, డబ్బున్న విద్యార్థికి అది స్కాలర్‌షిప్పే. డబ్బు లేనివాళ్లకి అది అప్పు చేయమని చెప్పడం. పైగా ఎవరూ లెక్కేయని ఖర్చు ఇంకోటుంది. సెలవుల్లో ఏదో పని చేసుకుని వచ్చే ఏడాది ఫీజు కూడబెట్టుకునే విద్యార్థి ఆ మూడు నెలల సంపాదన వదులుకుని వెళ్తున్నాడు. టికెట్టు డబ్బులిచ్చి సాయం చేశామనుకుంటే సరిపోదు, ఆ పోయిన సంపాదన కూడా పూడ్చాలి.

ఇక అవతలి వైపు. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

ఇంటర్న్ వెళ్లిన చోట అతనికి పని నేర్పేది ఎవరు? ఒక సర్వే ఊహించుకోండి. ఇంటర్న్ చేతిలో ప్రశ్నల ఫారం ఉంది. మొదటి ప్రశ్న, మీ ఇంటి నెల ఆదాయం ఎంత? ఎదురుగా ఉన్నది వ్యవసాయం చేసుకునే కుటుంబం. వాళ్లకి డబ్బు నెలనెలా రాదు, పంట చేతికొచ్చినప్పుడు వస్తుంది. ఇంటావిడ ఏం చెప్పాలో తెలియక భర్త వైపు చూస్తుంది, ఏదో ఒక అంకె చెప్పేస్తారు, ఇంటర్న్ రాసేసుకుంటాడు. అప్పుడు పక్కనున్న స్థానిక కార్యకర్త మెల్లగా అందుకుంటుంది. పోయిన కారుకి ఎన్ని బస్తాలయ్యాయి, తినడానికి ఎన్ని ఉంచుకున్నారు, ఎన్ని అమ్మారు, మధ్యలో కూలికి ఎవరైనా వెళ్లారా, బయటి నుంచి ఎవరైనా డబ్బు పంపుతున్నారా అని ఒక్కొక్కటే అడుగుతుంది. పది నిమిషాల్లో మొదట చెప్పిన అంకెకి పోలికే లేని లెక్క తేలుతుంది. క్లాసులో ఒక సెమిస్టరంతా చెప్పినా ఎక్కని పాఠం ఆ గుమ్మంలో ఎక్కుతుంది.

ఆ పాఠం చెప్పినావిడకి దానికోసం ఎంత ఇచ్చారు? చాలా ప్రోగ్రాముల్లో ఏమీ ఇవ్వరు. ఆవిడ పని ఆపుకుని ఇంటర్న్‌కి అనువాదం చేసింది, తోడు వెళ్లింది, ఫారం దిద్దింది. ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్‌లో మొదటి వారాలు నేర్పడానికే పోతాయి, పనికొచ్చే వేళకి ఇంటర్న్ తిరుగు ప్రయాణం కడతాడు. విద్యార్థికి ఇచ్చే గ్రాంటులో ఆతిథ్యం ఇచ్చే సంస్థకీ కొంత వాటా పెట్టాల్సిందే. సూపర్‌వైజర్ సమయానికి, అనువాదకులకి, వాహనానికి. అది లేని ప్రోగ్రాం పేద దేశపు చిన్న సంస్థ మీద ధనిక దేశపు చదువు ఖర్చు రుద్దుతోందని నేను అంటాను.

ఇంకొకటి, దారి రెండు వైపులా ఉండాలి. జర్మనీలో 1960 నుంచి నడుస్తున్న, యువతను విదేశీ ఇంటర్న్‌షిప్‌లకు పంపే ఏఎస్ఏ ప్రోగ్రాంలో జర్మనీ నుంచి వెళ్లేవాళ్లతోపాటు, భాగస్వామి దేశాల యువత జర్మనీకి వచ్చి పనిచేసే ఏర్పాటు కూడా ఉంది. జర్మన్ ప్రభుత్వానిదే వెల్ట్‌వేర్ట్స్ అనే స్వచ్ఛంద సేవా కార్యక్రమం 2008లో మొదలైంది, 2013 నుంచి అందులోనూ అటు నుంచి ఇటు రావడం మొదలైంది. నేర్చుకోవాల్సింది ఒక వైపే, నేర్పాల్సింది ఇంకో వైపే అనే పద్ధతి ఇలాగే పోతుంది.

మీలో కొందరు అడుగుతారు, సాయం డబ్బే తగ్గిపోతుంటే ఇంటర్న్‌ల మీద ఖర్చేంటి అని. నిజమే, 2025లో అమెరికా, విదేశాలకు సాయం అందించే తన సంస్థ యూఎస్ఎయిడ్‌ని దాదాపుగా మూసేసి మిగిలిన పనిని విదేశాంగ శాఖలో కలిపేసింది. బ్రిటన్ విదేశాలకిచ్చే తన సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027 కల్లా 0.3 శాతానికి తగ్గిస్తామంది. టీకాలకీ, తిండికీ ఇచ్చే డబ్బు కోసి ఇంటర్న్‌లకు పెట్టమని నేను అడగడం లేదు. ఇది ఉన్నత విద్య బడ్జెట్లోంచి రావాల్సిన డబ్బు, లాబొరేటరీలకి ఇచ్చినట్టే. రంగం కుదించుకుపోతున్నప్పుడు ఉన్న కొద్ది సీట్లూ సొంత డబ్బుతో నిలబడగలిగేవాళ్లకే పోతాయి. అందుకే ఇప్పుడు ఇంకా గట్టిగా అడగాలి.

ఇప్పటికే ఆఫర్ చేతిలో ఉన్నవాళ్లు సంతకం పెట్టేముందు మూడు సంగతులు రాతపూర్వకంగా తెలుసుకోండి. డబ్బు ఏ తేదీన, ఎంత శాతం ముందు వస్తుంది? ఇన్సూరెన్స్‌లో ఆస్పత్రితోపాటు అత్యవసరంగా వెనక్కి తీసుకురావడం కూడా ఉందా? మధ్యలో ఆపేయాల్సి వస్తే ఇచ్చింది తిరిగి కట్టమంటారా? ఈ మూడోది ఎవరూ అడగరు. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు వెల్ట్‌వేర్ట్స్ తన వలంటీర్లందరినీ వెనక్కి రప్పించింది, విదేశాలకు వలంటీర్లను పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్ కూడా ప్రపంచమంతటా ఉన్న తనవాళ్లని ఇంటికి చేర్చింది. వెనక ప్రభుత్వం ఉంది కాబట్టి టికెట్టు ఎవరు కొంటారన్న ప్రశ్న వాళ్లకి రాలేదు. మీ విషయంలో ఆ టికెట్టు ఎవరు కొంటారో ఒప్పందంలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే చేర్చమని అడగండి, చేర్చాకే సంతకం పెట్టండి.